గుట్టకి ఎడమవైపు

ఎదురింటామె అన్నదట, ఇకమీదట మిద్దెల మీద బట్టలు ఆరేసుకోవడం కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుకోవాలని. ఆకాశంలోకి మనవాళ్ళు పంపిన కన్ను రోజుకి పద్నాలుగుసార్లు భూమి చుట్టూ తిరుగుతుందట. ఎవరి పెరట్లో ఏ చెట్టు కాసిందీ, ఎవరి మిద్దె మీద ఎవరు గుసగుసలాడుకుంటున్నదీ దానికి తెలిసిపోతుందట. తెలిస్తే తెలిసిందిలే, ఆ కన్నేదో పద్దెనిమిదేళ్ళ ముందు పంపి ఉంటే మా తమ్ముడు బతికి ఉండేవాడు కదా అని కూడా అన్నదట. పాలు పోసే ఆమె ఈ మాటలన్నీ అవతల గుమ్మంలో విని, ఇవతల గుమ్మంలో పాలతో పాటు ఒంపి పోయింది. అమ్మ వాటిని వడగట్టి కూతురికి చెప్పింది. ఎంత వడగట్టినా ఆ ఆఖరి మాట మిగిలింది.

ఎదురింటామె ఈ ఇంటి మనుషులతో నేరుగా మాట్లాడి పద్దెనిమిదేళ్ళు. వీధి వెడల్పు పన్నెండడుగులే గానీ, ఆమె మాట ఇవతలికి రావాలంటే మరొకరి నోరు కావాలి. ఆమెని తప్పు పట్టడానికీ లేదు. యుద్ధంలో గుట్ట ఎక్కబోయి వాగులో చిక్కుకున్న ముప్పై ఒక్కమందిలో ఆమె తమ్ముడొకడు. వాగు గుట్టకి కుడివైపు ఉంది, ఎడమవైపంతా పొడి నేల అని వాళ్ళ చేతిలోని పటం చెప్పింది. ఎడమ నుంచి వెళ్ళారు. వాగు ఎడమవైపే ఉంది. నడుంలోతు బురద, పైన గుట్ట మీద తుపాకులు. ఆ నేలని సర్వే చేసిన మనిషి ఈ ఇంట్లోనే వరండాలో కుర్చీ వేసుకుని పొద్దస్తమానం పెన్సిళ్ళు చెక్కుతూ ఉంటాడు. వాటితో ఏమీ గీయడు. చెక్కి డబ్బాలో నిలబెడతాడు, మొనలు అరగకుండానే మళ్ళీ తీసి చెక్కుతాడు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. వాగాయన అంటే చాలు.

వాగాయనకి ఇంకో అలవాటుంది. దారే పోయేవాళ్ళు ఎవరైనా ఆగి, పోస్టాఫీసు ఎటండీ అని అడిగితే, కొండలూ గుట్టలూ కాలినడకన కొలిచిన ఆ మనిషి "ఇంకొకరిని అడగండి" అని లేచి లోపలికి వెళ్ళిపోతాడు. పోస్టాఫీసు ఆ వీధి చివరే.

కూతురు పనిచేసేది నాన్న పనిచేసిన పటాల కార్యాలయంలోనే. పటాలకి నకలు గీసే ట్రేసరు. అందరూ పటాలమ్మాయి అంటారు, ఆమెకీ ఆ పిలుపు అలవాటైపోయింది. ఉద్యోగం ఇప్పించింది హెడ్డు. ఒకప్పుడు నాన్న వెనక కొలత గొలుసూ గొడుగూ మోసి పని నేర్చుకుని, ఇప్పుడు డ్రాయింగు హాలంతటికీ పెద్దయిన మనిషి. ఇంటికొస్తే బాబాయ్, హాల్లో అయితే సార్.

ఆ సోమవారం ఉదయం హాల్లోకి ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు నల్ల కాగితం చుట్టిన కవరు మోయడానికి, రెండోవాడు మొదటివాణ్ణి కాపలా కాయడానికి. హెడ్డు సంతకం పెట్టి తీసుకుని, కింద దీపాలున్న గాజు బల్ల మీద, లోపలున్న ఆకాశపు కన్ను బొమ్మని పరిచాడు. చూడమని ఎవరూ పిలవలేదు. అందరూ తమ కలాలు మూతలు పెట్టి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

ఎత్తయిన కొండలు నలిగిన గుడ్డ ముడతల్లా ఉన్నాయి. రైలు మార్గం ఒక వెంట్రుక. పటాలమ్మాయి బల్ల అంచు పట్టుకుని వంగి చూసింది. ఈ నేల ఆమె ఎరుగని నేలేం కాదు. పదేళ్ళుగా దీన్ని సిరాతో ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. కానీ అది ఇలా ఉంటుందని, తను గీసిన గీతలకి ఇంత ఒళ్ళూ, నీడా, తడీ ఉంటాయని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. ఆ నేల యుద్ధంలో అవతలివాళ్ళ చేతికి పోయింది. ఆ తర్వాత ఇటువైపు మనిషి ఒక్కడూ అక్కడ అడుగు పెట్టలేదు. అలాంటిది పైనుంచి ఒక యంత్రం తీరిగ్గా పోతూ పోతూ, ఎవరి అనుమతీ లేకుండా, మబ్బు ఒక్కటి కూడా అడ్డం లేకుండా చూసి పంపింది.

గుట్ట చుట్టూ సూదితో గుచ్చినట్టు గుండ్రటి చుక్కలున్నాయి. అవేమిటని ఆమె అడిగితే హెడ్డు భూతద్దం వంచి చూసి, ఫిరంగి గుండ్లు పడిన గోతులని చెప్పాడు. వాన నీళ్ళు నిండి మెరుస్తున్నాయి. ఆమె నలభై దాకా లెక్కపెట్టి ఆపేసింది. వెనక నిలబడ్డ అటెండరు, ఇందులో మనుషులెక్కడున్నారండీ అని అడిగాడు. అడిగిన తీరుకి నవ్వు రావాలి గానీ ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం డైరెక్టరు హాల్లోకొచ్చి, ఏటా చెప్పే కథే మళ్ళీ చెప్పాడు. ఈసారి చెప్పడానికి ఎదురుగా బొమ్మ ఉంది కాబట్టి ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఆ ముప్పై ఒక్కమంది పోయిన వారానికి సభలో పెద్దలు లేచి, మనిషి కంటిని ఇక నమ్మలేం, ఆకాశంలో కన్ను కావాలి అని తీర్మానం చేశారు. ఆ తీర్మానం నుంచే రాకెట్ల మైదానం పుట్టింది, అందులోంచి ఈ ఉపగ్రహం పుట్టింది. ఈ దేశపు కొత్త చరిత్ర మొదలైంది ఒక సర్వేయరు పొరపాటు దగ్గర. యుద్ధం నుంచి ఆకాశం దాకా సాగిన ఆ ప్రయాణం మీద పెద్ద పుస్తకం తయారవుతోంది. బుధవారం సాయంత్రానికి అచ్చుకి పోవాలి. అందులో ఒక పేజీ మన హాలుది. ఎడమ పక్క పాత పటం, కుడి పక్క ఈ బొమ్మ. కింద రాయాల్సింది కూడా ఆయన రాసుకొచ్చాడు: ‘నేలమీది కంటి పొరపాటు, ఆకాశపు కంటి సవరణ.’ దాని కింద చిన్నక్షరాల్లో సర్వే చేసినవారి పేరు. రెండింటినీ సరిపోల్చి, తేడా ఎంతో కొలిచి ట్రేసరు సంతకం పెట్టాలి. హాల్లో అందరికన్నా సన్నటి చెయ్యి ఎవరిది అని ఆయన అడిగాడు. అందరూ పటాలమ్మాయి వైపు చూసి, వెంటనే చూపులు తిప్పుకున్నారు. ఆ చూపుల సంగతి డైరెక్టరుకి తెలియదు. ఆయన వచ్చి రెండేళ్ళే అయింది.

డైరెక్టరు వెళ్ళాక హెడ్డు ఆమె బల్ల దగ్గరికొచ్చి, కష్టంగా ఉంటే రెండ్రోజులు సెలవు పెట్టమన్నాడు, తనే చూసుకుంటానన్నాడు. ఆమె నిబ్ తుడుచుకుంటూ, తప్పు జరిగింది నిజమే కద సార్, ఎంత తప్పిందో నా చేత్తోనే కొలిచి ఇస్తాను అంది.

మంగళవారం పొద్దున్నే పనిలో దిగింది. ట్రేసింగు గుడ్డకి ఒక వైపు మెరుపుంటుంది, రెండోవైపు మెరుపు లేకుండా గరుకుగా, మందంగా ఉంటుంది. సిరా పట్టేది మందం వైపే. దాని మీద సుద్దపొడి చల్లి, మెత్తటి గుడ్డతో రుద్ది, పొడి దులిపి, అప్పుడు కలం పెట్టాలి. పాత పటాన్ని బొమ్మ కొలతకి పెంచి గీసింది. గీత మధ్యలో ఊపిరి వదలకూడదు, వదిలితే గీత వణుకుతుంది. పదిన్నరకల్లా గుడ్డని బొమ్మ మీద వేసి నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది.

అంతా కూర్చుంది. రైలు మార్గం వెంట్రుక మీద వెంట్రుకలా కూర్చుంది. కొండల వరస, బండ్ల బాట, రెండు వాగులు కలిసే చోటు, అన్నీ. నాలుగు నెలలు ఒక మనిషి బల్లా గొలుసూ మోయించుకుంటూ తిరిగి కొలిచినదాన్ని అంత ఎత్తునుంచి యంత్రం చూస్తే, ఎక్కడా గోరంత తేడా లేదు. అది చూసి ఆమెకి గర్వం వచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. ఇంత చేసినవాడివి ఆ ఒక్క గుట్ట దగ్గరే ఏం చూశావు నాన్నా అనుకుంది. గుట్ట ఉన్న అరచేయంత ముక్క మాత్రం కుదరలేదు.

ఎంత తప్పిందో కొలవాలి కాబట్టి, ఆ ముక్కని విడిగా మరో గుడ్డ మీద గీసి కత్తిరించుకుంది. దాన్ని బొమ్మ మీద అటూ ఇటూ జరిపి చూసింది. పైకి జరిపితే కింద తప్పుతోంది, పక్కకి జరిపితే వాగు వంకర ఎదురు తిరుగుతోంది. కంటి పొరపాటైతే అన్నీ ఒకే వైపుకి ఒరగాలి. ఇవి ఎటూ ఒరగడంలేదు. కాగితం మీద వేసిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. విసుగేసి, లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చింది. ఈలోగా ఫ్యాను గాలికి ముక్క ఎగిరి కిందపడింది. వంగి తీసి, మళ్ళీ ఎగరకుండా బొమ్మ మీద పెట్టి ఇత్తడి బరువు ఉంచి, కలం అందుకుంది.

కలం చేతిలోనే ఆగిపోయింది.

ముక్క కూర్చుంది. వాగు వచ్చిన తీరు, గుట్ట కాళ్ళ దగ్గర తిరిగిన వంకర, మధ్యలో చేప పిల్లంత దిబ్బ, దిగువన చీలిన పాయ, నల్లగీత మీద నల్లగీత అతికినట్టు కూర్చుంది. ఆమె మెల్లిగా బరువు తీసి ముక్క మీద వేలు ఆనించింది. నున్నగా జారింది. మెరుపు వైపు పైకి ఉంది. ముక్క తిరగబడి ఉంది.

మళ్ళీ సరిగా తిప్పింది. కుదరలేదు. తిరగేసింది. కూర్చుంది. అలా ఎన్నిసార్లు చేసిందో తెలియదు. మనిషి కన్ను పొరబడితే గజం తప్పొచ్చు, వంద గజాలు తప్పొచ్చు. అద్దంలో చూసినట్టు ఉన్నదున్నట్టుగా తిరగబడదు. అలా తిరగేయగలిగింది గుడ్డ ఒక్కటే. నాన్న గీసింది ఎడమవైపే. ఈ హాల్లో, ఇలాంటి బల్ల మీదే, విడివిడిగా గీసిన ముక్కల్ని ఒకే పటంగా అతికేటప్పుడు ఎవరో ఈ ముక్కని తిరగేసి అతికారు. వాగు ఆ ముక్క పైఅంచుకి నడిమధ్యన ప్రవేశించి, కిందంచుకి నడిమధ్యనే బయటికి పోతుంది కాబట్టి, తిరగేసినా కొసలు కలిసిపోయాయి. పేర్లూ అంకెలూ వేసేది అంతా అతికాక ఆఖర్న. పట్టుకునేందుకు ఒక్క ఆధారమూ మిగల్లేదు.

ఆమె హెడ్డుని పిలవలేదు. ఆమె నిలబడిన తీరు చూసి ఆయనే వచ్చాడు. ముక్కని చూశాడు, బొమ్మని చూశాడు. ముక్కని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆ వైపూ ఈ వైపూ తడిమాడు. తిరగేసి బొమ్మ మీద పెట్టి చూశాడు.

"ఆ రాత్రి బ్లాకవుటు," అన్నాడు, ఎవరికో జవాబు చెప్తున్నట్టు. "దీపానికి నీలం కాగితం చుట్టాం. తెల్లారేసరికి పటం లారీ ఎక్కాలి. మెరుపు వైపేదో మందం వైపేదో కంటికి ఆనలేదు. వేలితో తడిమి చూడాలి. తడిమాననే అనుకున్నాను."

"ఎప్పుడూ అనుమానం రాలేదా, బాబాయ్?"

హాల్లో ఆమె ఆయన్ని అలా పిలవడం అదే మొదలు. ఆయన భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"వచ్చింది. తప్పు తనదేనని మీ నాన్న ఒప్పుకుని సంతకం పెట్టాక పోయింది."

ఆ సాయంత్రం బొమ్మ నమూనా ఒకటి ఇంటికి తెచ్చింది. పుస్తకానికి తీసినది కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఏమనలేదు. వరండాలో నాన్న ఒళ్ళో డ్రాయింగు పలక పెట్టి దాని మీద పరిచింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. అయిపోయినదాన్ని కెలకొద్దు, నేనే తప్పు చేశానని ఎప్పుడో ఒప్పుకున్నాను కదా, వదిలేయమన్నాడు. ఆమె వినలేదు. కళ్ళద్దాలు తెచ్చి ఆయన ముక్కు మీద తనే పెట్టింది.

ముందు ఆయన ఊరికే చూశాడు. తర్వాత కుర్చీలో ముందుకి జరిగాడు. డబ్బాలోంచి ఒక పెన్సిలు తీసి, మొన కాగితానికి తగలకుండా, వెంట్రుకవాసి పైన పట్టుకుని నడిపించడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. ఇక్కడ డేరా వేశాం. ఇక్కడ మూడు రోజులు వాన వదల్లేదు, మూటలో పెసలు మొలకలెత్తాయి. ఈ మలుపులో నా చెప్పు తెగింది, ఆ పై కొండ దాకా వట్టికాలితో ఎక్కాను. ఈ రాయి మీద కూర్చునే మీ అమ్మకి ఉత్తరం రాశాను. రాయి బొమ్మలో కనబడదు గానీ ఆయన పెన్సిలు అక్కడ ఆగింది. వంటింటి గుమ్మంలో నిలబడిన అమ్మ, ఆ ఉత్తరంలో ఉన్నదంతా వాన గురించేలే అని గొణిగింది. గొణిగి, చేతిలో పని వదిలేసి వచ్చి ఆయన భుజం మీంచి వంగి చూసింది. నాలుగు నెలలు తనకి దూరంగా గడిచిన కాలం అంతా అరచేతుల్లో పట్టేంత కాగితమై ఆమె ఎదుట ఉంది.

పెన్సిలు గుట్ట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వాగు గుట్టకి ఎడమవైపు నల్లగా మెరుస్తోంది.

కూతురు తను కత్తిరించి తెచ్చిన ముక్కని ఆయన చేతిలో పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ బొటనవేలితో రెండువైపులా రుద్దాడు. ఏది మెరుపో ఏది మందమో ఆ వేలికి వెంటనే తెలిసింది. మందం వైపు పైకి పెట్టి బొమ్మ మీద ఉంచాడు. కుదరలేదు. ఆమె ఆయన వేలు పట్టుకుని, చిన్నప్పుడు ఆయన తన వేలు పట్టుకుని గీత గీయించినట్టే, ముక్కని తిరగేయించింది.

ముక్క కూర్చుంది. ఆయన మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిరగేశాడు. ఎవరు అతికారని అడగలేదు. అలా పని చేసే చెయ్యి ఎవరిదో, ఆ రాత్రి హాల్లో ఎవరున్నారో ఆయనకి తెలియనిదేం కాదు.

"నేను చూసింది ఎడమే," అన్నాడు. "అది నాకెప్పుడూ తెలుసు. మరి పటంలో కుడివైపుంటే, ఎడమ చూసి కుడి గీశానేమో అనుకున్నాను. గుడ్డ మీద నకలు పంపించాక, మొదట గీసిన కాగితాలు అవతలివాళ్ళకి దొరక్కుండా అక్కడే కాల్చేశాం. నలుగురూ నీ చెయ్యే తప్పిందంటే, నా చేతి తరఫున చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఏడాది తిరిగేసరికి నా చెయ్యి కుడివైపు గీస్తున్నట్టే కల్లోకొచ్చేది."

పొద్దుగుంకి, ఆకాశం ఇంకా వెలుగు విడవని వేళ ఆయన వీధిలోకి దిగాడు. అది ఎటు నుంచి వస్తుందని అడిగాడు. పేపర్లో వేశారు కాబట్టి ఆమెకి వేళ తెలుసు. కాసేపటికి మిద్దెల పైనుంచి ఒక చుక్క లేచింది. మినుకుమినుకు మనదు, చప్పుడు లేదు, తొందర లేదు. గీత గీస్తున్నట్టు ఒకే వేగంతో నడినెత్తికి వచ్చింది. తండ్రీ కూతురూ మెడలు వెనక్కి వాల్చి నిలబడ్డారు. అది కొండల వైపుకి దిగి మసకబారేదాకా ఆయన రెప్ప వేయలేదు.

"అంత పైనుంచి చూసి," అన్నాడు, "నా మాటే చెప్పింది."

బుధవారం పొద్దున పాలామె వచ్చినప్పుడు అమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. వాగు ఎడమ పక్కే ఉందని ఈయన సరిగానే గీశాడనీ, ఆఫీసులో తిరగేసి అతికారనీ, ఈ మాట అవతల చెప్పమనీ అంది. పద్దెనిమిదేళ్ళలో ఇటునుంచి అటు పోయిన మాట అదొక్కటే. పాలామె తిరిగొచ్చి ఎదురింటామె సంగతి చెప్పింది. గిన్నె నిండి పొర్లిపోతున్నా అలాగే పట్టుకుని నిలబడిందట.

హాల్లో పుస్తకం పేజీ పటాలమ్మాయి బల్ల మీద ఉంది. ఎడమ పాత పటం, కుడి బొమ్మ, కింద డైరెక్టరు రాసిన వాక్యం, దాని కింద చిన్నక్షరాల్లో నాన్న పేరు, పక్కన సంతకానికి ఖాళీ గడి. పదకొండింటికి అచ్చాఫీసు మనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అతనే లేచి రెండోసారి టీ తాగొచ్చాడు. హెడ్డు రెండుసార్లు బల్ల పక్కగా నడిచి వెళ్ళాడు. ఆమె వేరే పటం మీద చెరువులకి నీలం వేసుకుంటూ కూర్చుంది. మూడింటికి ఆయన వచ్చి, అచ్చు అతను కూర్చునే ఉన్నాడని మెల్లిగా గుర్తుచేశాడు. ఈ వాక్యం కింద నేను సంతకం పెట్టను సార్, నాన్న పేరు తీసేసినా పెట్టను, జరిగింది జరిగినట్టు రాస్తే పెడతాను అని ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. ఉద్యోగం మాటేమిటని ఆయన అడగలేదు. అచ్చు అతనికి రేపు పొద్దున రమ్మని చెప్పి పంపేశాడు.

దీపాలు పెట్టే వేళకి హెడ్డు ఇంటికొచ్చాడు. చేతిలో రేకు గొట్టం, అందులో చుట్టిన పేజీ. వాగాయన ఒళ్ళో బొమ్మ ఇంకా అలాగే ఉంది. ఎదురు కుర్చీ చూపిస్తే హెడ్డు కూర్చోలేదు, గోడ పక్క స్టూలు లాక్కుని దాని అంచున కూర్చున్నాడు. అమ్మ నీళ్ళు తెచ్చింది. పటాలమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. గొట్టం మూత తీయడం, పెట్టడం, తీయడం, చాలాసేపు అదే జరిగింది.

చివరికి హెడ్డు మొదలుపెట్టాడు. దాచిపెట్టి మాట్లాడలేదు. ముక్క అతికింది నేనే అన్నా అన్నాడు. నన్ను ఏమన్నా పడతానన్నాడు. కొత్త పటంలో వాగుని సరైనచోట పెట్టించే పూచీ నాదన్నాడు. పుస్తకంలో పేరు తీయించేస్తాను, వట్టి సర్వేయరు అని ఉంటుంది, ఎవరికీ తెలియదన్నాడు. జరిగింది జరిగినట్టు రాయాలంటే మాత్రం పేజీ ఒక్కటే మార్చితే చాలదు, పుస్తకం మొదటి అధ్యాయమంతా మార్చాలి, సభలో చేసిన తీర్మానం దాకా పోతుంది అన్నాడు. వాగాయన వింటున్నాడో లేదో తెలియలేదు. ఆయన బొటనవేలు ముక్క మీద, మందం వైపు, అటూ ఇటూ తిరుగుతోంది.

హెడ్డు గొట్టం మూత బిగించాడు. స్టూలు కాస్త ముందుకి జరుపుకున్నాడు.

"ఒక్కటి ఆలోచించు అన్నా. ఆ పొరపాటే లేకపోతే ఈ దేశం ఆకాశం వైపు తలెత్తి చూసేదా? రాకెట్లు ఎక్కడివి, ఆ కన్ను ఎక్కడిది? రేపు పిల్లలు చదువుకునే చరిత్రంతా దాని మీదే నిలబడి ఉంది. అది సిగ్గుపడే పొరపాటు కాదన్నా. ఏ దేశానికో గానీ దొరకని పొరపాటు."

వాగాయన కళ్ళద్దాలు తీసి పలక మీద పెట్టాడు.

"అంత గొప్పదైతే నీ పేరే వేయించుకోరా."